ఒక జత బూట్ల కోసం తొమ్మిదేళ్లుగా చదువుతున్న నవల

యుద్ధ నవల ఏది చదవాలని అడిగిన ప్రతివారికీ ఎరిక్ మరియా రెమార్క్ 1929లో ప్రచురించిన ‘ఆల్ క్వయిట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ పేరే చెబుతూ వచ్చాను. తొమ్మిదేళ్ల క్రితం ఒంగోలులో పాత పుస్తకాల బండి మీద దాని ఇంగ్లీషు ప్రతిని కొన్నాను. అందులోని మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల సంగతీ, వాటిలో పోరాడిన జర్మన్ కుర్రవాళ్ల సంగతీ చాలామందికి తెలిసినవే. నన్ను పట్టుకున్నది అందులోని ఒక జత బూట్లు.

కెమరిక్ అనే కుర్రవాడికి ఆసుపత్రిలో కాలు తీసేస్తారు. చూడవచ్చిన ముల్లర్ కళ్లు అతని మెత్తని పసుప్పచ్చ తోలు బూట్ల మీద పడతాయి. చావబోయేవాడి బూట్లను ఆశించిన మనిషిని రచయిత నీచుడిగా చూపడు. అవి కెమరిక్‌కు పనికివచ్చేవే అయితే ముల్లర్ ముళ్లకంచె మీదనైనా వట్టికాళ్లతో నడిచేవాడే తప్ప వాటిని కోరేవాడు కాడంటాడు. కెమరిక్ చనిపోయాక ఆ బూట్లు ముల్లర్‌కూ, ముల్లర్ కూడా చనిపోయాక కథ చెప్పే పాల్‌కూ వస్తాయి.

హవల్దారుగా రిటైరైన మా మేనమామ గిద్దలూరు దగ్గర పల్లెలో ఉంటారు. కంటి ఆపరేషన్ అయి కట్టుతో కూర్చున్న రోజుల్లో ఏదైనా చదివి వినిపించమన్నారు. ముందుగా 1999 కార్గిల్ యుద్ధం నేపథ్యంగా వచ్చిన ఒక లావుపాటి నవల తీశాను. దాని మీద నాకు ఈనాటికీ కోపమే. అందులో కుర్ర కెప్టెన్ ఒకడు సుబేదారును పేరుపెట్టి కసురుతాడు, హవల్దారు కంటే కింది హోదా అయిన నాయక్ భుజానికి మూడు పట్టీలుంటాయి, 16,000 అడుగుల ఎత్తున కథానాయకుడు ఆయాసమన్నది లేకుండా పరుగెత్తుతాడు. “మూడు పట్టీలు హవల్దారువి రా. సుబేదారును ఆఫీసరైనా సాబ్ అనే పిలుస్తాడు. ఇంక ఆపు” అన్నారు మామయ్య. సొంత సైన్యం గురించి రాసేవారు ఒక మాజీ సైనికుడి ఎదుట గంటసేపు కూర్చుని ఉంటే ఈ తప్పులు దొర్లేవి కావు.

మర్నాడు రెమార్క్‌ను తెలుగులో చెబుతూ చదివాను. బూట్లు ముల్లర్ చేతికి వచ్చేసరికి మామయ్య చెయ్యెత్తి ఆగమని, చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లడఖ్‌లో తడిసిన మేజోళ్లను బనీను లోపల పొట్టకు ఆనించుకుని ఆరబెట్టుకోవడం గురించీ, పడుకునేటప్పుడు బూట్లను స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోకపోతే తెల్లారేసరికి రాయిలా బిగిసిపోయి కాలు దూరకపోవడం గురించీ చెప్పారు. కాలివేళ్లు నల్లబడిన తోటి సిపాయిని కిందికి దించేసిన రాత్రి, అతని సంచిలో మిగిలిన పొడి మేజోళ్లను తాను తొడుక్కున్నారట. “వాడు తిరిగొస్తాడా రాడా అని ఆలోచించలా అబ్బాయ్. కాళ్లు వెచ్చబడితే చాలనుకున్నా” అన్నారు. బియ్యం ఏరుతున్న అత్తయ్య చేట పక్కన పెట్టి ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది. అంతకాలం కాపురంలో ఆమె ఆ మాట వినడం అదే మొదటిసారి.

అప్పటి నుంచి నాలుగుసార్లు చదివాను. గుంతలో ఫ్రెంచి సైనికుడి శవం పక్కన పాల్ మాట్లాడే ఘట్టాన్ని మొదట్లో అందరికీ గొప్పగా చెప్పేవాడిని. ఇప్పుడక్కడ పాల్ గొంతు వెనక్కి పోయి రచయిత ప్రసంగం ముందుకొచ్చినట్లు అనిపిస్తోంది. చివరి అధ్యాయాల్లో చావులు ఒకదాని వెంట ఒకటి తోసుకొస్తాయి. మామయ్య అభ్యంతరం వేరు. ఆ కుర్రవాళ్లు బడిపంతులు ఉద్బోధలు విని చేరి మోసపోయారు, తాను మాత్రం వానల్లేక చేలు బీడుపడిన ఏట జీతం కోసం చేరారు. కాబట్టి వాళ్ల నిరాశ తనది కాదని, వాళ్ల బూట్లు మాత్రం తనవేనని ఆయన అంటారు.

విమానాలు, వ్యూహాలు ఇష్టపడే నెల్లూరు మిత్రుడొకరు ఈ పుస్తకాన్ని వారం తిరక్కుండానే వాపసు ఇచ్చారు. ఆయనను తప్పుపట్టలేను. ఆ వసారాలో, ఆ మనిషి ఎదుట చదవకపోయి ఉంటే నాకూ ఇంతగా పట్టేది కాదేమో. అందుకే ఇప్పుడు అడిగినవారికి మొదటి రెండు అధ్యాయాలు చదివి, బూట్లు చేతులు మారే చోట ఆగి, ముందుకు పోవాలో వద్దో అక్కడ తేల్చుకోమంటున్నాను.