లైబ్రరీథింగ్, రెయిన్‌డ్రాప్: కాలేజీ లైబ్రరీలో ఏళ్లు వాడాక

విశాఖలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీ చూసుకుంటాను. పుస్తకాల కేటలాగు పెట్టుకోడానికి లైబ్రరీథింగ్ అనే సైటు, వెబ్ లింకులు దాచుకోడానికి ఒకప్పుడు డెలిషియస్, ఇప్పుడు రెయిన్‌డ్రాప్ అనే సైటు వాడుతున్నాను. చిన్న లైబ్రరీ వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

లైబ్రరీథింగ్ 2005లో వచ్చింది. మొదట్లో ఉచితంగా 200 పుస్తకాలే ఎక్కించనిచ్చేవాళ్లు, 2020లో ఆ పరిమితి తీసేశారు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలకైతే చాలా సుఖం, ఫోన్ యాప్‌కి వెనకట్ట మీది బార్‌కోడ్ చూపిస్తే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచో ఇంకో చోటి నుంచో పేరు, రచయిత, ముద్రణ అన్నీ వచ్చి కూర్చుంటాయి.

తెలుగు దగ్గరే అసలు పని. మా దగ్గరున్న పాత పుస్తకాల్లో చాలావాటికి ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు) ఉండదు, అంతా చేత్తో కొట్టాల్సిందే. అట్ట ఊడిపోయి, సముద్రపు చెమ్మకి అంచులు మెత్తబడిన పుస్తకాన్ని పట్టుకుని లోపలి పేజీ చూస్తే ‘ప్రథమ ముద్రణ’, ‘వెల’, కింద ‘ప్రతులకు’ అని ఒక చిరునామా ఉంటాయి. ఆ చిరునామా పుస్తకం దొరికే చోటుది, ప్రచురణకర్తది కాకపోవచ్చు, కొత్తగా ఎంట్రీ చేసే పిల్లలకి ఇది ముందే చెప్పాలి. పేర్లదింకో తలనొప్పి. శ్రీశ్రీ అని ఒకచోట, శ్రీరంగం శ్రీనివాసరావు అని ఇంకోచోట, ఇంగ్లీషు అక్షరాల్లో మరో రకంగా ఉంటే జాబితాలో ముగ్గురు రచయితలైపోతారు. రచయితలను కలిపే సదుపాయం ఉంది, బాగా పనిచేస్తుంది, కానీ అక్కడ కలిపితే సైటు మొత్తానికీ కలుస్తుంది కాబట్టి చూసుకుని నొక్కాలి.

నాకు అన్నిటికంటే నచ్చింది ట్యాగులు, అంటే వెతకడానికి వీలుగా పుస్తకానికి మనం తగిలించే మాటలు. లైబ్రరీల్లో పుస్తకాల్ని విషయాల వారీగా నంబర్లతో సర్దే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. ఆ నంబరు పుస్తకం ఏ బీరువాలో ఉందో చెబుతుంది, అంతే. ‘మేడమ్, మన ఉత్తరాంధ్ర యాసలో కథలేమైనా ఉన్నాయా’ అని అడిగే అమ్మాయికి ఆ నంబరుతో ఏం జవాబు చెప్తాం? అందుకే ఉత్తరాంధ్ర యాస, మత్స్యకారుల జీవితం, గ్రూప్-2 చరిత్ర ఇలా పిల్లలు అడిగే మాటల్నే తెలుగులో ట్యాగులుగా పెట్టాను. వాళ్లు ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో వెతుకుతారు కాబట్టి పుస్తకం పేరు అలా కూడా ఒక ట్యాగులో పడేస్తాను. దీనికి టైమ్ పడుతుంది, కానీ నా మటుకు కేటలాగు బతికేది ఇక్కడే.

లోటు ఏంటంటే, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే లెక్కకి ఇదొక్కటే చాలదు. అదే సంస్థ తెచ్చిన టైనీక్యాట్ కావాలి, అది 20,000 పుస్తకాల లోపు లైబ్రరీలకి, సంస్థలైతే డబ్బు కట్టాలి. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఎంత పెద్ద లైబ్రరీకైనా సరిపోతుంది, కాకపోతే సర్వర్ చూసుకునే మనిషి ఉండాలి. ఏది వాడినా యాక్సెషన్ రిజిస్టర్ (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరస నంబరుతో రాసే పుస్తకం) మాత్రం మానొద్దు, స్టాక్ వెరిఫికేషన్‌కి వచ్చినవాళ్లు ముందు అడిగేది అదే.

ఇక లింకులు. డెలిషియస్‌ని 2005లో యాహూ కొన్నది, తర్వాత చేతులు మారి మారి 2017లో పిన్‌బోర్డ్ అనే అలాంటి సైటు చేతికొచ్చి, కొత్త లింకులు చేర్చడానికి వీల్లేకుండా ఆగిపోయింది. లింకులు దాచుకునే పాకెట్‌ని మొజిల్లా 2025 జులైలో మూసేసింది. అందుకని రెయిన్‌డ్రాప్ ఎంత బాగున్నా నెలనెలా లింకులన్నిటినీ హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దించి పెట్టుకుంటాను, దాన్ని ఏ బ్రౌజరైనా తీసుకుంటుంది. ఉచిత ఖాతాలోనే లింకులకి లెక్కలేదు, సేకరణని అందరికీ కనిపించేలా పెట్టొచ్చు. మా కౌంటర్ మీద దాని క్యూఆర్ కోడ్ అంటించాను. పాడైన లింకులు పట్టిచ్చే సదుపాయం మాత్రం డబ్బు కట్టినవాళ్లకే.

మా లింకుల సేకరణలో పిల్లలు ఎక్కువగా వాడేది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్‌ల జాబితా. అక్కడ పాత తెలుగు పుస్తకాలు బోలెడున్నాయి, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు, నేరుగా వెతికితే దొరకడం కష్టం. దొరికినదాన్ని తెలుగు పేరుతో సేవ్ చేసి, మా బీరువాలో ప్రతి లేకపోతే ‘స్కాన్ మాత్రమే’ అని ట్యాగు పెడతాను.

వైజాగ్‌లో ఎవరైనా ఇలా మొదలుపెడితే చెప్పండి, నా ట్యాగుల జాబితా పంపిస్తాను.