ఫోన్ల కాలంలోనూ నిలబడ్డ నల్లగొండ ఫోటో స్టూడియో

గడియారం సెంటర్ దగ్గరి సందులో ఉన్న పాత స్టూడియోకి పోయిన నెల మా తాత ఫోటో పట్టుకెళ్లాను. నలుపు తెలుపు ప్రింటు, పురుగు తిని ఎడమ కన్ను దగ్గర చిల్లు పడింది, తలరుమాలు అంచంతా పసుపు మరక. అంతకుముందు ఫోన్‌లో ఓ ఏఐ యాప్‌లో పెట్టి చూస్తే తళతళలాడే ముఖం వచ్చింది కానీ, అమ్మ చూసి "ఈయన ఎవరురా?" అంది.

స్టూడియో ఆయన ముందు అడిగింది ఒక్కటే, "కన్ను కనబడే ఇంకో ఫోటో ఉందా అన్నా?" అని. పెళ్లినాటి గ్రూప్ ఫోటో ఇస్తే, దాన్ని పక్కన పెట్టుకుని అదే కన్ను దిద్దాడు, బుగ్గమీది పులిపిరి మాత్రం ముట్టుకోలేదు. అమ్మ ఆ పులిపిరి మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

డిజిటల్ కెమెరాను 1975లోనే తయారుచేసిన ఫిల్మ్ కంపెనీ కొడాక్, ఫిల్మ్ లాభాలను వదులుకోలేక వెనకబడి 2012లో దివాలా పిటిషన్ వేసింది. ఫ్యూజీఫిల్మ్ మాత్రం ఫిల్మ్ తయారీలో నేర్చిన రసాయన విద్యను మందులకు, క్రీములకు మళ్లించి నిలబడింది. మా స్టూడియో ఆయనదీ ఫ్యూజీఫిల్మ్ దారే. పాస్‌పోర్ట్ ఫోటోల రేటు తగ్గించి పక్క షాపులతో కొట్లాడకుండా, చేయి తిరిగిన పనినే పట్టుకుని పాత ఫోటోలు బాగుచేయడం, నెగెటివ్‌లు స్కాన్ చేయడం మొదలుపెట్టాడు.

నాలుగు రోజులని చెప్పి పదకొండు రోజులు చేశాడు, సంవత్సరీకం దగ్గరపడుతుంటే చాలా టెన్షన్ పడ్డాను. తేదీ ఉంటే పక్షం ముందే ఇవ్వండి, ఇంకో ఫోటో కూడా తీసుకెళ్లండి.