గట్టు రోడ్ల మీద పాత ర్యాలీ సైకిల్: ఏళ్ల తరబడి తొక్కాక నా సమీక్ష

తీగల బదులు ఇనప రాడ్లతో బ్రేకు పడే పాత రాడ్ బ్రేకు సైకిల్ వేసుకుని గ్రావెల్ రోడ్ల మీద గుంపుగా తిరగొచ్చా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. నిక్షేపంగా తిరగొచ్చు. ఆ సైకిల్ పుట్టిన కాలంలో ఊళ్ల మధ్య రోడ్లన్నీ అలాంటివే. కాకపోతే పెయింటు మీద పెట్టే డబ్బు చక్రాల మీద, బేరింగుల మీద, రబ్బరు మీద పెట్టాలి. మా బ్యాచ్‌లో ఏటా దారిలో ఆగిపోయే సైకిళ్లలో తళతళ మెరిసేవే ఎక్కువ.

నాది బెంగాల్‌లోని ఆసన్సోల్‌లో తయారైన సేన్ ర్యాలీ సైకిల్. 24 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, నిండు చైన్ కవరు, రెండు కాళ్ల స్టాండు. మా మావయ్య దగ్గర్నుంచి వచ్చింది. ఆయన దీని మీద కొబ్బరికాయలు మోశారు, ధాన్యం మోశారు, ముగ్గురు పిల్లల్ని బడికి దింపారు. హ్యాండిల్ కింద బిళ్ల మీద కొంగ తల ఉంటుంది, చైన్‌వీల్లోనూ కొంగ తలలే. బరువు ఇరవై కిలోలకు తగ్గదు. కొత్త సైకిళ్లు తొక్కేవాళ్లు లేపి చూసి నవ్వుతారు. గతుకుల మీద వాళ్ల చేతులు తిమ్మిరెక్కుతుంటే అప్పుడు మనం నవ్వొచ్చు. ముందు ఫోర్కు బాగా వాలుగా ఉండటం, రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ కావడం, సీటు కింద స్ప్రింగులు, ఈ మూడూ కలిసి సగం కుదుపు మింగేస్తాయి.

మా రైడ్ సంక్రాంతి వెళ్లాక ఉంటుంది. గోదావరి డెల్టాలోని బొబ్బర్లంకలో మొదలై మధ్య డెల్టా కాలువ వెంట లొల్ల లాకుల దాకా, అక్కణ్ణుంచి గన్నవరం కాలువ గట్టు పట్టుకుని పి.గన్నవరం అక్విడెక్టు (కాలువను నది పాయ మీదుగా దాటించే వంతెన) వరకు. ఓపికున్నవాళ్లు ఇంకా దిగువకెళ్లి సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం దాటతారు. మధ్యలో తారు ముక్కలు, సిమెంటు రోడ్లు వస్తాయి గానీ ప్రాణమంతా గట్టు మీదే ఉంటుంది. డెల్టాలో రాయి పుట్టదు, ఇదంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. గట్టు మీద పరిచే ఎర్ర గ్రావెల్ మెట్ట నుంచి లారీల మీద రావాల్సిందే. కొత్తగా పోసినచోట చక్రం జారుతుంది. పాతబడినచోట గ్రావెల్ దుమ్ముగా అరిగిపోయి కింద నల్లమట్టి తేలుతుంది. పైగా జనవరిలో దాళ్వా దమ్ములు, అంటే రెండో పంట వరికి పొలాన్ని బురద చేసే పని. ఇనప దమ్ము చక్రాలు విప్పకుండానే ట్రాక్టర్లు రోడ్డెక్కేస్తే అడుగడుక్కీ గాట్లే. కిందటేడు బాగుందన్న ముక్క ఈ ఏడు అలాగే ఉంటుందని ఎవరూ చెప్పలేరు.

ఇటలీలో టస్కనీలోని గయోలె ఊళ్లో 1997 నుంచి లెరోయికా అనే రైడ్ జరుగుతోంది. 1987కీ అంతకుముందుకీ చెందిన రేసు సైకిళ్లు వేసుకుని తెల్ల కంకర రోడ్ల మీద తొక్కుతారు. దానికి తయారయ్యే పద్ధతులు చదివి మనవాళ్లు అలాగే చేద్దామని చూస్తారు. అవి గేర్లున్న తేలికపాటి సైకిళ్లు, వాటికి కొండలెక్కే బాధ. మనకు కొండ ఊసే లేదు. మన బాధ బరువు, బ్రేకు, తేమ. కాబట్టి ఆ సలహాలు మనకు సగమే పనికొస్తాయి.

ముందు టైర్లు. షాపులో 28 అంగుళాల టైరు కావాలని అడిగితే రెండు రకాల్లో ఏదైనా చేతికి రావచ్చు. మన పాత సైకిళ్లది 28 × 1½, టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం 635 మి.మీ. కొత్త రకం సైకిళ్లకు వచ్చే 700సి టైర్ల మీద కూడా కొన్నిసార్లు 28 అనే రాసి ఉంటుంది. దాని కొలత 622. తేడా 13 మిల్లీమీటర్లే, కానీ ఎంత గుంజినా ఎక్కదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు టైరు పక్కన 635 అంకె ఉందో లేదో చూసుకోండి. మన దేశంలో ఈ సైజు ఇంకా తయారవుతోంది కాబట్టి ఊళ్లో షాపులోనే దొరుకుతుంది, విదేశాల నుంచి తెప్పించాల్సిన పనిలేదు.

చాలా ఏళ్లుగా నేను వెనక రిక్షాలకు వేసే మందం టైరు, ముందు మామూలు టైరు వాడుతున్నాను. తొక్కే మనిషి బరువు ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది. రిక్షా టైరుతో తారు రోడ్డు మీద కొంచెం బరువుగా ఉంటుంది, ఒప్పుకోవాలి. కానీ గట్టు మీద అసలు శత్రువు తుమ్మ ముల్లు. కాలువ పొడుగునా తుమ్మచెట్లే. పల్చటి టైరు వేసుకొచ్చినవాళ్లు లొల్ల దాటేలోపే సొల్యూషన్ డబ్బా బయటికి తీస్తారు. రెండు చక్రాలకూ రిక్షా టైర్లు కూడా వేసి చూశాను. హ్యాండిల్ మొద్దుబారిపోయినట్టుంటుంది, నాకు నచ్చలేదు.

గాలి సంగతి. పాత ట్యూబులకు ఉండే వాల్వులో సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది, మనం వాల్‌ట్యూబు అంటాం. అది గాలిని లోపలికే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. అందుకని గాలి కొలిచే మామూలు గేజీ పెడితే సరైన అంకె రాదు. బొటనవేలే గేజీ. వెనక గట్టిగా, ముందు వేలు నొక్కితే కొంచెం దిగేలా ఉంచుతాను. గ్రావెల్ కదా అని మరీ మెత్తగా ఉంచితే బ్రేకు పడినప్పుడల్లా టైరు రిమ్ము మీద జరిగి, వాల్వు మొదట్లో ట్యూబు చిరిగిపోతుంది. ఆ చిరుగుకి ప్యాచీ పడదు. వాల్‌ట్యూబు రబ్బరు ఏడాది తిరగకుండానే పగుళ్లిస్తుంది, రైడ్ ముందు తప్పకుండా కొత్తది వేయించి, జానెడు ముక్క జేబులో పెట్టుకోవాలి. అంత చవకైన విడిభాగం ఇంకోటి లేదు, అంతగా మర్చిపోయేదీ ఇంకోటి లేదు.

చక్రాల్లో ముందు 32 పుల్లలు (స్పోకులు), వెనక 40. ఒక్కొక్క పుల్లా వేలితో మీటితే బిగువైనది ఖంగుమంటుంది, వదులైనది మూగగా ఉంటుంది. రైడ్‌కు నెల ముందే నిప్పిళ్ల (పుల్లల్ని రిమ్ముకు బిగించే చిన్న నట్లు) దగ్గర చుక్క నూనె వేసి రాత్రంతా వదిలెయ్యాలి. డెల్టాలో ఇవి తుప్పుతో అతుక్కుపోతాయి, నూనె వెయ్యకుండా తిప్పితే పుల్లే విరుగుతుంది. అంతర్వేది వైపు ఉండేవాళ్లకు ఉప్పుగాలి కూడా తోడు. రిమ్ము మీది నికెల్ మెరుస్తోందని మురిసిపోకండి, టైరు విప్పి లోపలివైపు చూడండి. తుప్పు తినేది అక్కణ్ణుంచే.

ఓవరాయిలింగ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పైపైన తుడిచి, పాత గ్రీజు మీద కొత్త గ్రీజు పూసి ఇచ్చేస్తే అది ఓవరాయిలింగ్ కాదు. బేరింగు గోళీలు తిరిగే కప్పులు, కోన్లు విప్పి కిరసనాయిల్లో కడిగి, గోళీలు మార్చి, కొత్త గ్రీజు పెట్టాలి. వెనక హబ్బులోకి (చక్రం నడుమ ఉండే గొట్టం), పెడళ్ల మధ్య ఇరుసులోకి పావంగుళం గోళీలు, ముందు హబ్బులోకి 3/16 అంగుళం. రావులపాలెం వైపు నేను చేయించే పెద్దాయన్ని ఒకసారి అడిగాను, పాతవాటిలో బాగున్నవి ఏరి వెయ్యకూడదా మేస్త్రిగారూ అని. "ఆయ్, వద్దండి. అరిగినవీ కొత్తవీ కలిపితే బరువంతా కొత్తవాటి మీదే పడుద్దండి. కోను నాశనమైపోద్దండి. అన్నీ కొత్తవేసేద్దారి, ఎంతవుద్దండి" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో నాలుగైదు వానాకాలాలు గడిచాక తెలిసింది. అప్పుడు వేసిన కోన్లు ఇప్పటికీ నున్నగానే ఉన్నాయి.

ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో చేసిన ర్యాలీ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. పెడళ్ల ఇరుసు పట్టే కప్పులకు దానిలో అంగుళానికి 26 మర చుట్లు. మిగతా ఇంగ్లీషు సైకిళ్లలో 24. పైకి ఒకేలా కనిపిస్తాయి. మా బ్యాచ్‌లో ఒకాయన సైకిల్‌కి ఎవరో బలవంతంగా 24 మరల కప్పు ఎక్కించి ఫ్రేములోని మరలు కోసేశారు. లేత్ షాపుల చుట్టూ తిరిగినా అది పూర్తిగా బాగుపడలేదు. పాత కప్పు గుంటలు పడి ఉన్నా సరే పారెయ్యకండి, దాన్నే కడిగి కొత్త గోళీలతో నడిపించొచ్చు.

ఇక కాటర్ పిన్నులు, అంటే పెడల్ ఉండే క్రాంకును ఇరుసుకు బిగించే మేకులు. తొక్కుతుంటే అడుగు అడుక్కీ టక్కుమంటోందంటే నూటికి తొంభైసార్లు అదే. పిన్ను కొట్టేటప్పుడు క్రాంకు కింద ఇనప గొట్టం ఆనించి కొట్టాలి, లేకపోతే ఆ దెబ్బ నేరుగా లోపలి గోళీల మీద పడి కప్పు గుంటలు పడుతుంది. రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురు దిక్కున ఉండాలి, లేదంటే పెడళ్లు ఒక గీతలోకి రావు. నట్టు బిగించి పిన్ను లాగుదామని చూస్తే మరలు పోతాయి. పిన్ను కొట్టి కూర్చోబెట్టాక అది జారకుండా ఆపడానికే నట్టు. కొత్త పిన్ను మొదటి పది పదిహేను కిలోమీటర్లలో కొంచెం కూర్చుంటుంది, మళ్లీ ఒక దెబ్బ వేసి బిగించాల్సిందే. అందుకే రైడ్ ముందురోజు సాయంత్రం షాపు నుంచి సైకిల్ తెచ్చుకోవడం నాకు నచ్చని పని. కనీసం రెండు వారాల ముందు తెచ్చుకుని, క్యారేజీ మీద పాతిక కిలోల బియ్యం బస్తా కట్టి గట్టు మీద తిప్పండి. ఊడేవన్నీ ఇంటి దగ్గరే ఊడతాయి.

బ్రేకుల విషయంలో ఈ రకం సైకిళ్లను వెనకేసుకు రావడం కష్టం. రాడ్లు పైకి లాగితే రబ్బర్లు రిమ్ము లోపలివైపు ఒరుసుకుంటాయి. పొడిగా ఉంటే పర్లేదు. రిమ్ము తడిస్తే మాత్రం సగం బలం పోతుంది. జనవరి మంచులో పొద్దున ఆరింటికి రిమ్ము తడిగానే ఉంటుంది. మొదట్లో అప్పుడప్పుడూ బ్రేకు తేలిగ్గా పట్టి వదులుతుంటే తడి తుడుచుకుపోతుంది. రబ్బర్లు కొత్తవి వేయించండి, పాతవి రాయిలా బిగుసుకుపోయి ఉంటాయి. వాటిలో ఇరుక్కున్న గ్రావెల్ ముక్కల్ని సూదితో పీకెయ్యండి, అవే రిమ్మును చెక్కేస్తాయి. హ్యాండిల్ కింద రాడ్లను పట్టి ఉంచే చిన్న క్లిప్పుల నట్లు కుదుపులకు వదులవుతాయి. ఆగిన ప్రతిచోటా ఒకసారి చేత్తో తడిమి చూసుకోవాలి. వదులు గ్రావెల్ మీద ముందు బ్రేకు జోలికి పోవద్దు. గుంపులో మూడు సైకిళ్ల దూరమైనా వదలాలి. కొత్తగా వచ్చినవాళ్లు ఇది వినరు. ఏటిగట్టు దిగే వాలులో వినాల్సి వస్తుంది.

గేరు సంగతి తొందరగా చెప్పేస్తాను. ముందు 44 పళ్లు, వెనక 18 ఉంటే తారు మీద హాయి. మధ్యాహ్నం సముద్రం గాలి ఎదురుకొడుతున్నప్పుడు, వదులు మట్టిలో, మోకాళ్లు అరుస్తాయి. వెనక 20 పళ్ల ఫ్రీవీలు వేసుకున్నాను, ఒక లింకు కలిపితే సరిపోయింది. 22 వేసినవాళ్లూ ఉన్నారు, చదును రోడ్డు మీద కాళ్లు గిరగిరా తిప్పుకోవాలి.

తోలు సీటు ఉన్నవాళ్లకు వానాకాలం బూజు తప్పదు. కోనసీమలో దేనికైనా కొబ్బరినూనే మందు కాబట్టి సీటుకీ అదే పట్టిస్తారు. దయచేసి తోలును నూనెలో నానబెట్టకండి, మెత్తబడి ఉయ్యాలలా సాగిపోతుంది. పొడిగుడ్డతో తుడిచి, గాలి తగిలేచోట ఉంచితే చాలు. సీటు ముక్కు కింద బోల్టు ఉంటుంది, సాగినప్పుడు అరతిప్పు బిగించుకోవాలి. అంతకన్నా ఎక్కువ బిగిస్తే తోలు చిరుగుతుంది.

డైనమో అందానికి సరే. తడి టైరు మీద జారుతుంది, మంచులో ఆ వెలుతురు చాలదు. క్యారేజీకి ఒక ఎర్ర ఎల్‌ఈడీ లైటు కట్టుకోండి, పాతకాలపు అందం పోతుందని బెంగపడొద్దు.

పంచె కట్టుకొచ్చేవాళ్లకు నిండు చైన్ కవరు వరం. దానికో కష్టమూ ఉంది: వెనక చక్రం విప్పాలంటే అరగంట పని. అందుకే పంచరైతే చక్రం విప్పకుండా, టైరు ఒక పక్క తీసి ట్యూబు బయటికి లాగి ప్యాచీ వెయ్యడం నేర్చుకోండి. రోడ్డు పక్క పంచరు షాపులో చేసేది అదే. సంచిలో నాకు ఉండేవి డంబెల్ పానా, సొల్యూషన్, ప్యాచీలు, గరుకు కాయితం, ఒక కాటర్ పిన్ను, రెండు పుల్లలు, చిన్న సుత్తి. సుత్తి చూసి నవ్వినవాళ్లే మధ్యాహ్నానికి అడిగి తీసుకుంటారు.

రంగు వేయించాలా అని అడుగుతారు. ఫ్రేము మీద చేత్తో గీసిన సన్నటి బంగారు గీతలు మిగిలి ఉంటే వేయించకండి. ఒకసారి ఇసకతో కొట్టించి పౌడర్ కోటింగ్ చేశాక అవి మళ్లీ రావు. నూనె గుడ్డతో తుడుస్తూ పోతే తుప్పు అక్కడికే ఆగుతుంది.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. అయిదున్నర అడుగుల లోపు ఎత్తున్నవాళ్లకు 24 అంగుళాల ఫ్రేము ఇబ్బంది. గట్టు మీద అకస్మాత్తుగా గేదెలు అడ్డొస్తే కాలు ఆనించడం కుదరదు, 22 అంగుళాలది వెతుక్కోండి. వేగంగా పోవాలనుకునేవాళ్లకీ ఇది సరిపడదు. మా గుంపు గంటకి పన్నెండు కిలోమీటర్లు పోతే గొప్ప, మధ్యలో ఆత్రేయపురం పూతరేకులకు ఆగితే అదీ లేదు. వచ్చే సంక్రాంతి లోపు నా సైకిల్‌కి వెనక బ్రేకు రబ్బర్లు మార్చాలి. చైన్ కవరు మోత మాత్రం ఎన్ని వాషర్లు వేసినా తగ్గలేదు, దాన్ని వదిలేశాను.