పది ఒకట్లు పది కాని రోజు: రంగు కడ్డీలతో రెండేళ్లు

క్యూజనేర్ కడ్డీలంటే పిల్లలకు లెక్కలు నేర్పే రంగు కడ్డీలు, ఒకటి నుంచి పది సెంటీమీటర్ల దాకా ఒక్కో పొడవుకు ఒక్కో రంగు. ఏ రంగు కడ్డీ ఎన్ని సెంటీమీటర్లో పెట్టె వెనకే రాసి ఉంటుంది కాబట్టి ఆ జాబితా వదిలేస్తున్నాను. మాది 74 క్యూజనేర్ కడ్డీలున్న చెక్క పెట్టె. మావాడు ఒకటో తరగతిలో ఉండగా కొన్నాం, ఇప్పుడు మూడులోకి వచ్చాడు.

వీటిమీద నా మోజుకు కారణం ఒక్కటే. ఏ కడ్డీమీదా అంకె ఉండదు, కొలత గీత కూడా ఉండదు. పిల్లవాడు పక్కపక్కన పెట్టి చూసుకోవలసిందే. వీటిని తయారుచేసిన జార్జ్ క్యూజనేర్ బెల్జియంలో బడిపంతులు, వయొలిన్ కూడా వాయించేవారు. అందుకేనేమో, స్వరాలను కూర్చినట్టు రంగులను కుటుంబాలుగా కూర్చారు: 2, 4, 8 ఎరుపు వైపువి, 3, 6, 9 ఆకుపచ్చ, నీలం వైపువి, 5, 10 పసుపు, నారింజ. ఏడు మాత్రం నలుపు. "నల్లదానికి చుట్టాలు లేరు, పాపం" అన్నాడు మావాడు ఒకరోజు. నేను చెప్పకుండానే కనిపెట్టాడు.

కిందటి ఆగస్టులో వారం రోజులు ముసురు పట్టింది. కాకినాడలో ముసురంటే అప్పడాలు మెత్తబడడమే కాదు, మా వంటింటి తలుపు ద్వారబంధంలో ఇరుక్కుపోతుంది. బయటికి వెళ్లే వీలు లేక వాడు పది సెంటీమీటర్ల నారింజ కడ్డీ పక్కన ఒక్కో సెంటీమీటరు తెల్ల ముక్కలు పది పేర్చాడు.

"అమ్మా, పది ఒకట్లు పదికంటే పెద్దవి."

"మధ్యలో సందులు వదిలావు, దగ్గరగా జరుపు" అన్నాను, పప్పు కలుపుతూనే. రెండు పక్కలా స్కేళ్లు పెట్టి నొక్కాడు. వెళ్లి చూస్తే నిజమే, చివరి ముక్క గోరు మందాన బయటికి వచ్చి ఉంది. లెక్కలు నేర్పే బొమ్మలో ఇంత తప్పా అని తయారీదారును తిట్టుకున్నాను. ఒక్క చుక్క ఇచ్చి సమీక్ష రాయడానికి ఫోను కూడా తీశాను.

మా మామగారు కళ్లద్దాలు పెట్టుకుని ఒక తెల్ల ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు. మా పెట్టెలో తెల్లవాటికి రంగు వెయ్యలేదు, చెక్కలోని నారగీతలు కనిపిస్తాయి. "చెక్క నార పొడుగున పెద్దగా ఉబ్బదమ్మా, నారకు అడ్డంగా ఉబ్బుతుంది. తలుపు చూడలేదూ?" అన్నారు. నారింజ కడ్డీలో నారగీతలు పొడుగునా ఉన్నాయి. ముక్కలేమో వాడు ఎటు పడితే అటు పెట్టాడు. తాత, మనవడు కూర్చుని గీతలన్నీ నారింజ కడ్డీలోలాగే పొడుగునా ఉండేలా తిప్పి పేర్చారు. పదో ముక్క దాదాపు హద్దు మీదికి వచ్చి ఆగింది.

"అయితే తాతా, ఒకటి ఎటు తిప్పితే ఒకటి?"

దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. సమీక్ష మాత్రం ఆరోజు రాయలేదు.

అంకెలు లేకపోవడం గొప్ప అన్నాను కదా, అందులోనూ తిరకాసు ఉంది. కొన్న ఆరునెలలకు బడిలో నాలుగు, మూడు కలిపితే ఎంత అని అడిగితే "నలుపు" అని చెప్పి వచ్చాడు. నవ్వుకున్నాం కానీ, రంగును వదిలి అంకెను పట్టుకోవడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది. ఎక్కాల దగ్గర నా ఉత్సాహం మరీ తగ్గింది. ఏడారులు నలభై రెండు పేర్చి చూపిద్దామంటే పెట్టెలో నల్లవి నాలుగే. ఆరు సెంటీమీటర్ల ముదురాకుపచ్చవి ఏడు పెడదామన్నా అవీ నాలుగే. ఏడో ఎక్కం చివరికి మా అత్తగారి దగ్గర పాత పద్ధతిలో వల్లించే నేర్చుకున్నాడు.

తెల్లవి 22లో ఇప్పుడు మిగిలింది 15. పోయినవాటి బదులు అత్తగారు వామనగుంటల చింతపిక్కలు ఇచ్చారు. గుంటల్లో పంచుతూ లెక్కపెట్టడానికి పిక్కలే హాయి, వాడికీ ఆ ఆటే ఎక్కువ ఇష్టమని ఒప్పుకోవాలి. పొడవు కొలవడానికి మాత్రం పనికిరావు.

కొనమంటానా? మా ఇంట్లో సాయంత్రం అరగంట పక్కన కూర్చునే పెద్దలు ఇద్దరున్నారు. నేనొక్కదాన్నే అయితే పెట్టె అటకెక్కేదేమో. పాకే పిల్లలుంటే అసలు వద్దు, సెంటీమీటరు ముక్క నోట్లోకి వెళ్లడానికి క్షణం పట్టదు. కొంటే రెండు పెట్టెలు కొనండి, లేదా ఇంకెవరి దగ్గరైనా ఉంటే కలుపుకోండి.

ఈ ఏడు తొలకరి పడగానే వాడు మళ్లీ పది ఒకట్లు పేర్చి కొలిచాడు. ఇంకా పెరగలేదని, ఆగస్టు దాకా ఆగాలని తాతకు చెప్పి వచ్చాడు.