నలుపెక్కిన వోక్: ఇంట్లో వెజ్ నూడుల్స్‌కు కార్బన్ స్టీల్ బాణలి

ఈ కార్బన్ స్టీల్ వోక్ (చైనా తరహా లోతైన బాణలి) మీద నాకున్న ఇష్టమంతా దాని లోపలివైపు పేరుకున్న నల్లని పొర మీద ఇష్టమే. వెడల్పెంత, బరువెంత, పిడి చెక్కదా ఇనుపదా అన్న వివరాలు అమ్మేచోటే రాసి ఉంటాయి కనుక వాటి జోలికి పోను. కొన్న వారం పది రోజులకే రాసే సమీక్షలు కొత్త వోక్ గురించి రాసినవి; కొత్త వోక్ వేరు, నలుపెక్కిన వోక్ వేరు. నేను రాస్తున్నది రెండో దాని గురించి, మధ్యలో ఒకసారి ఆ నలుపు పూర్తిగా పోయి మళ్ళీ వచ్చిన వైనంతో సహా.

అంతకుముందు మా ఇంట్లో వెజ్ నూడుల్స్ నాన్‌స్టిక్ బాణలిలోనే అయ్యేవి. అంటుకునేవి కావు గానీ, వేగేవీ కావు. నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీల సెల్సియస్ దాటితే చెడిపోవడం మొదలవుతుంది; పెద్ద మంట మీద ఖాళీ పాత్రను కొద్ది నిమిషాలు వదిలేస్తే ఆ వేడికి చేరడం కష్టమేమీ కాదు. అందుకని మంట తగ్గించి చేయవలసి వచ్చేది. మంట తగ్గితే క్యాబేజీ, క్యాప్సికం నీరు వదులుతాయి, నూడుల్స్ ఆ నీటిలో మరోసారి ఉడుకుతాయి, చివరికి పళ్ళెంలోకి వచ్చేది సోయా సాస్ రంగు పట్టిన ముద్ద. స్టీలు బాణలిలో పెద్ద మంట పెట్టవచ్చు కానీ, సగం నూడుల్స్ అడుగుకే అంకితం.

కార్బన్ స్టీల్‌కు నాన్‌స్టిక్‌లాంటి పైపూత అంటూ ఏమీ ఉండదు. పలచగా రాసిన నూనె బాగా కాలినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడి, ఇనుముకు అతుక్కుపోయిన సన్నని పొరగా మారుతుంది. ఆ పొర మీద పొర, వండిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా ఏర్పడుతుంది. పలుకు ఉండగానే వార్చి, చన్నీళ్ళు పోసి, కాస్త నూనె కలిపి పళ్ళెంలో పరచి ఆరబెట్టిన నూడుల్స్‌ను బాగా కాలిన వోక్‌లో వేసినప్పుడు మొదటి క్షణాల్లో అవి అడుగుకు పట్టుకున్నట్టే అనిపిస్తాయి. అక్కడే ఓపిక పట్టాలి. అట్లకాడతో గోకకుండా పది దాకా లెక్కపెట్టి వోక్‌ను ఒకసారి కుదిపితే, అడుగున వేగిన పోగులు వాటంతట అవే విడిపోయి మొత్తం జారుతుంది. అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు పడి, అంచులు కాస్త కరకరలాడుతూ పైకి వచ్చిన ఆ పోగులను చూడటమే నాకు ఈ వోక్ ఇచ్చిన అసలైన ఆనందం. అప్పటికే విడిగా వేయించి తీసి ఉంచిన క్యారెట్, బీన్స్, క్యాబేజీ తిరిగి అందులోకి వెళతాయి. సోయా సాస్ నూడుల్స్ మీద కాకుండా వోక్ అంచు మీద పోయాలి, అది కిందికి జారేలోగా సగం ఆవిరై ఘాటైన వాసన వదులుతుంది. ఉల్లికాడలు చల్లి దించేయడమే. తరిగిన కూరలు సిద్ధంగా ఉంటే పొయ్యి మీద పని ఐదారు నిమిషాలు.

ఇక ఆ నలుపు పోయిన సంగతి.

ఒక దసరాకు మా అత్తయ్య కోనసీమ నుంచి వచ్చారు. పండుగ ముందు వంటిల్లంతా దులిపి, గిన్నెలన్నీ తోమి బోర్లించడం ఆవిడకు అలవాటు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గిన్నెల బుట్టలో, ఇత్తడి బిందె పక్కన, వెండిలా మెరిసిపోతున్న ఒక బాణలి కనిపించింది. అది మా వోక్ అని గుర్తుపట్టడానికి దాని చెక్క పిడి చూడవలసి వచ్చింది. "ఎంత మసి పట్టిపోయిందమ్మాయ్, గిన్నె పాడైపోదూ? రాత్రి చింతపండూ ఉప్పూ వేసి నానబెట్టాను, పొద్దున ఇనుప పీచుతో తోమితే గానీ వదల్లేదు" అన్నారు అత్తయ్య, చేతులు చూపిస్తూ. వేళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు. చింతపండు పులుపుకు ఇనుప పీచు తోడై ఆ పొరను పూర్తిగా వదిలించేశాయి.

ఆ సాయంత్రం పిల్లలు అడిగారని దానిలోనే నూడుల్స్ చేశాను. వేసిన వెంటనే అడుగు పట్టాయి, కదిపితే తెగాయి, తెగినవి మాడాయి. క్యాబేజీకి బూడిదరంగు వచ్చింది, మొత్తానికి ఇనుము వాసన పట్టింది. పిల్లలు సాస్ పోసుకుని తినేశారు గానీ అత్తయ్య మాత్రం ఒక ముద్ద తిని పళ్ళెం పక్కన పెట్టారు. అప్పుడు నేను చెప్పినది ఒక్క మాటే: ఇది కూడా మన దోసెల పెనం లాంటిదే అత్తయ్యా, నలుపు పోతే అంటుకుంటుంది. ఆవిడ నొచ్చుకున్నారు. "ఆ ముక్క ముందే చెప్పొద్దూ! పెనమని తెలిస్తే ముట్టుకుందునా?" అన్నారు. నిజమే, నలభై ఏళ్ళుగా తన దోసెల పెనానికి సబ్బు తగలనివ్వని మనిషి. బాణలి ఆకారంలో ఉంది కనుక దీనిని బూరెల మూకుళ్ళ లెక్కలో వేశారు, అంతే.

మర్నాడు ఆవిడే పూనుకున్నారు. వోక్‌ను ఖాళీగా పెద్ద మంట మీద కాల్చాము. వెండిరంగు మొదట గడ్డిరంగుకు తిరిగి, తర్వాత అక్కడక్కడ ఊదా, నీలం తేలి, చివరికి మసక బూడిదరంగుకు వచ్చింది. సగానికి కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి, వేరుశనగ నూనెలో ముంచి, అడుగు నుంచి అంచుల దాకా అత్తయ్య రుద్దుతూ పోయారు, పొగ తగ్గినప్పుడల్లా మళ్ళీ నూనె, మళ్ళీ రుద్దడం. ఆ తర్వాత మిగిలిన ఉల్లికాడలు, అల్లం ముక్కలు వేసి, అవి నల్లగా మాడేదాకా వోక్ లోపలంతా తిప్పుతూ వేయించి పారేశాము. చైనాలో కొత్త వోక్‌ను వాడకానికి తెచ్చేటప్పుడు చేసేది కూడా ఇదే, ఉల్లికాడలూ అల్లమూ నూనెలో మాడ్చడమే. ఆ సంగతి అత్తయ్యకు తెలియదు, ఉల్లిపాయ సంగతి మాత్రం వాళ్ళ అమ్మగారి నుంచి వచ్చింది.

నేను ఊహించనిది తర్వాత జరిగింది. రెండోసారి ఏర్పడిన పొర మొదటిదానికన్నా నునుపుగా, సమంగా వచ్చింది. మొదటి పొర పిడికి దగ్గరగా ఎప్పుడూ పెచ్చులు లేస్తూ ఉండేది. తుప్పు పట్టకుండా కొత్త వోక్‌లకు పూసి పంపే పూత అక్కడ ఎంతో కొంత మిగిలిపోయి ఉంటుందని నా అనుమానం. చింతపండు, ఇనుప పీచు కలిసి దానిని కూడా తుడిచిపెట్టాయి. ఇప్పుడు అక్కడ పెచ్చు లేవడం లేదు. అవిసె నూనెతో పొర వేస్తే గట్టిగా ఉంటుందని చదివి ఒకసారి అదీ చేసి చూశాను, చూడటానికి అద్దంలా వచ్చింది గానీ కొన్నాళ్ళకే రేకులుగా ఊడింది. మామూలు వేరుశనగ నూనెకే తిరిగి వచ్చాను.

ఇంతదాకా చెప్పినదానికి కొన్ని సవరణలు కూడా చెప్పాలి. పెద్ద మంట మీద వేగిన ఘాటు వాసన అన్నాను. అది ఇద్దరికి సరిపడా చేసినప్పటి మాట. మా ఇంటి గ్యాస్ పొయ్యి పెద్ద బర్నరుకు, వీధి చివర ఫాస్ట్ ఫుడ్ బండి మీద బుసకొట్టే హై ప్రెషర్ పొయ్యికి పోలికే లేదు. కార్బన్ స్టీల్ రేకు పలచగా ఉంటుంది కనుక త్వరగా వేడెక్కుతుంది, అంతే త్వరగా చల్లారుతుంది కూడా. నలుగురికి సరిపడా నూడుల్స్ ఒక్కసారే గుమ్మరిస్తే వోక్ ఎంత నల్లగా ఉన్నా వేడి పడిపోయి ఆవిరి పట్టడం తప్పదు, అంటుకోవు గానీ మెత్తబడతాయి. అతిథులు వచ్చిన రోజున రెండు మూడు వాయిలుగా చేస్తాను, చివరి వాయి అయ్యేసరికి మొదటిది చల్లారిపోతుంది. నిజం చెప్పాలంటే అలాంటి రోజుల్లో మా పాత మందపాటి ఇనుప మూకుడు ఈ వోక్‌కన్నా మెరుగ్గా పనిచేసింది. కాలడానికి ఎక్కువ సేపు పట్టినా, పట్టిన వేడిని నిలుపుకుంటుంది. కుదిపి ఎగరేయడానికి మాత్రం చేతులు చాలవు.

పులుపు విషయం దసరా తర్వాత ఇంకా జాగ్రత్తగా చూస్తున్నాను. వెనిగర్ వోక్‌లో పోయడం మానేశాను, నూడుల్స్ పళ్ళెంలోకి తీసాక చల్లుతాను. రుచికి కూడా అదే బాగుంది. టమాటా గ్రేవీలు, పులుసులు ఇందులో వండను. మాది విశాఖలో సముద్రానికి దగ్గరి ఇల్లు కనుక, కడిగిన వెంటనే పొయ్యి మీద తడి ఆరబెట్టి నూనె గుడ్డతో తుడవకపోతే తెల్లారేసరికి అడుగున ఎర్రని తుప్పు చుక్కలు కనిపిస్తాయి. అంటుకోదు అని మురిసిపోయిన పాత్ర ఇంత సేవ చేయించుకుంటుందని కొనేటప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

కార్తీకంలో మేము ఉల్లి, వెల్లుల్లి తినము. చైనాలో బౌద్ధ శాకాహార వంటలోనూ ఈ రెండింటినీ విడిచిపెడతారు. అల్లం, పుట్టగొడుగులు, చివరలో వేయించిన నువ్వుల నూనె వాటి లోటు తీరుస్తాయి. మన గానుగ నువ్వుల నూనె పచ్చి నువ్వులది, ఆ సువాసన దానికి రాదు. వేయించిన నువ్వుల నూనె దొరికితే దించాక అర చెంచా చాలు, ముందే వేసి కాలిస్తే వాసన ఎగిరిపోతుంది. అందరికీ నచ్చుతుందని చెప్పలేను గానీ, ఆ నెలలో పుట్టగొడుగులు ఈ నల్లని పొర మీద నీరు వదలకుండా వేగే తీరు చూశాక, మిగతా నెలల్లోనూ వాటిని కలుపుతున్నాను.

గ్యాస్ పొయ్యి ఉండి, ఇద్దరు ముగ్గురికి వారానికోసారైనా ఇలాంటి వేపుడు వండేవారికి ఈ వోక్ నచ్చే అవకాశం ఎక్కువ. తరచుగా వండకపోతే పొర పెరగదు, తుప్పు పెరుగుతుంది. ఇండక్షన్ పొయ్యి మాత్రమే ఉన్నవారు అడుగు చదునుగా ఉన్నదే తీసుకోవాలి. అప్పుడు కూడా పక్కలకు వేడి సరిగా అందకపోవచ్చు, నేను దాని మీద వండలేదు కనుక అంతకుమించి చెప్పలేను. గిన్నెలు తోమే మనిషి వేరే ఉన్న ఇల్లయితే దీనిని బుట్టలో కాక పెనాల పక్కన తగిలించుకోవడం మేలు. పాత ఇనుప మూకుడు ఇంట్లో ఉన్నవారు మాత్రం ముందు దానినే ఉల్లిపాయతో రుద్ది నలుపెక్కించి, ఒక నెల నూడుల్స్ చేసి చూసి, బరువు మోయలేమనిపిస్తే అప్పుడు వోక్ కొనుక్కోవచ్చు.