పప్పుకి అయిదు స్టార్లు, పార్సిల్‌కి మూడున్నర

బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక ఆంధ్రా మెస్ ఉంది. ఏడాదిన్నరగా వారానికి మూడు రోజులు అక్కడి నుంచే మీల్స్ పార్సిల్ తెస్తున్నాను. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, మిరియాల చారు మా ఒంగోలు ఇంట్లో తిన్నట్టే ఉంటాయి. నేను రాయాలనుకున్నది మాత్రం వాళ్ళ డబ్బాల గురించి.

కర్ణాటకలో ప్లాస్టిక్ కవర్లు, ప్లేట్లు 2016లోనే నిషేధించారు. అయినా వేడి సాంబారు పల్చటి కవర్లో పోసి ముడేసి ఇచ్చే హోటళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ మెస్ ఓనరు ఆరు నెలల కిందట ప్లాస్టిక్ పూర్తిగా మానేసి చెరకు పిప్పితో చేసిన డబ్బాలు తెచ్చారు. నాకు చాలా సంతోషమేసింది.

మొదటి వారమే ఇబ్బంది మొదలైంది. అన్నం, వేపుడు బాగానే వచ్చేవి. నెయ్యి వేసిన వేడి పప్పుకి మాత్రం ఇల్లు చేరేలోపే డబ్బా అడుగు మెత్తబడి నూనె మరక తేలేది. మూత లోపల ఆవిరి పట్టి అప్పడం తడిసిపోయేది. చెబితే విన్నారు. ఇప్పుడు డబ్బాలో అరిటాకు ముక్క పరిచి వడ్డిస్తున్నారు, అప్పడం విడిగా కాగితం కవర్లో ఇస్తున్నారు. ఆకు వాసనతో పప్పు ఇంకా బాగుంటోంది!

చారు సంగతి ఇంకా తేలలేదు. దానికి వాడేది మొక్కజొన్న పిండితో చేసే పీఎల్ఏ కప్పు. చూడ్డానికి ప్లాస్టిక్‌లాగే ఉంటుంది, మీద 'కంపోస్టబుల్' అని రాసుంటుంది. అది సుమారు 60 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది, మిరియాల చారేమో పొయ్యి మీంచి నేరుగా వస్తుంది. కప్పు వంగి మూత ఊడిపోతుంది. పోనీ మట్టిలోనైనా కలుస్తుందా అంటే, మా బాల్కనీ కంపోస్టు కుండీలో వేసిన కప్పు నాలుగు నెలలైనా అలాగే ఉంది. అది కరగాలంటే పెద్ద కంపోస్టు ప్లాంటులో ఉండేంత వేడి కావాలి. తడిచెత్తలో వేస్తే, "ఇది ప్లాస్టిక్ కదక్కా, తీసెయ్యండి" అంటుంది చెత్త తీసుకెళ్ళే అమ్మాయి. ఆమె తప్పేం లేదు, చూసి తేడా ఎవరు చెప్పగలరు?

చారు కారకుండా మూత చుట్టూ నాలుగు వరసలు టేపు చుడతారు. మా అమ్మకి కీళ్ళవాతం, వేళ్ళు ముడవలేదు. నేను ఆఫీసులో ఉన్న ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఈ మూత రావట్లేదే, పెరుగన్నం తినేస్తాలే" అంది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. కారకూడదు సరే, కానీ పెద్దవాళ్ళ చేతికి తెరుచుకోవాలి కూడా కదా.

మర్నాడే వెళ్ళి చెప్పాను. ఓనరు నొచ్చుకుని, "స్టీలు క్యారేజీ తెచ్చుకోండమ్మా, పది రూపాయలు తగ్గిస్తాను" అన్నారు. పప్పు, చారు ఇప్పుడు అందులోనే తెస్తున్నాను. యాప్‌లో తెప్పించుకునేవాళ్ళకి ఆ వీలు లేదు. వాళ్ళ కోసం టేపు కొస మడిచి అంటించమని, పచ్చడేదో పెరుగేదో తెలిసేలా మూత మీద పెన్నుతో రాయమని అడిగాను. రాయడం మొదలైంది. టేపు కొస ఒక రోజు మడుస్తారు, ఒక రోజు మర్చిపోతారు.

వెళ్ళేవాళ్ళు ఒంటిగంటలోపు వెళ్ళండి, తర్వాత గోంగూర ఉండదు.