కోఠిలో కొన్న సూదుల డబ్బాలు: క్లినిక్‌లు, ల్యాబ్‌లు నడిపేవాళ్లకు హెచ్చరిక

కోఠిలో సర్జికల్ సామాను టోకుగా అమ్మే ఆ దుకాణం ఏదో ఇక్కడ కొనేవాళ్లకు పేరు చెప్పకుండానే తెలుస్తుంది. మా నర్సింగ్ హోమ్‌లో వాడిన సూదులు వేసే తెల్ల డబ్బాలు అక్కడే కొన్నాం. సూది దూరని రకమని బిల్లు మీద రాసి మరీ ఇచ్చారు. పచ్చి అబద్ధం.

నిన్న మా ఆయమ్మ ఒక డబ్బాను పక్కకు జరుపుతుంటే దాని గోడలోంచి సూది బయటికి వచ్చి అరచేతిలో దిగింది. సగం కూడా నిండని డబ్బా అది. ఆమె గ్లవ్స్ వేసుకునే ఉంది, కానీ రబ్బరు సూదిని ఆపదు. తర్వాత కొత్త డబ్బా ఒకటి తీసి వాడని సూదితో నొక్కి చూశాను. అరటిపండులో దిగినట్టు దిగింది.

ఆ సూది ఏ రోగికి వాడిందో తెలియదు. అందుకే హెచ్ఐవీ సోకకుండా వెంటనే మందులు మొదలుపెట్టారు, 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా ఆమెకు ముందే వేయించి ఉన్నాం, అది కొంత ఊరట. హెపటైటిస్ సికి టీకాయే లేదు కాబట్టి పరీక్షలు చేయిస్తూ ఎదురుచూడాల్సిందే.

డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్లాను. యజమాని దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "గుచ్చుకున్నది ఎవరికి మేడమ్, డాక్టరు గారికా?" అన్నాడు. ఆయమ్మకని చెప్పగానే అతని ముఖం తేలికపడింది. "ఆయాకా! దానికి ఇంత గొడవ ఎందుకండీ, ఒక ఇంజక్షన్ వేయించండి, సరిపోతుంది."

డబ్బు పోతే పోయింది. ఈ మాటను మాత్రం నేను క్షమించలేను. డాక్టరు, నర్సు ఒక్కో సూదిని కాసేపు పట్టుకుంటారు. రోజంతా పోగైన సూదులన్నీ మోసేది ఆమె. ఆ డబ్బా ఉన్నదే ముఖ్యంగా ఆమె చేతుల కోసం. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం అది తెల్లగా, లోపలిది కనిపించేలా ఉండాలి, సూది గుచ్చినా చిల్లు పడకూడదు, కారకూడదు. ఈ సంగతి చెబితే "తెల్లగానే ఉంది కదా" అన్నాడు! పక్కనే ఇంకొకాయన అవే డబ్బాలు కట్టించుకుంటున్నారు. ఆయనకు చెప్పబోతే, వ్యాపారం చెడగొట్టవద్దని నా మీదే గద్దించాడు.

అక్కడి డబ్బాలు మీ దగ్గర ఉంటే ఈ రోజే వార్డుల్లోంచి తీయించండి. ఎక్కడ కొన్నా డబ్బు కట్టే ముందు ఒకదాన్ని సూదితో నొక్కి చూడండి. ముప్పావు వంతు నిండగానే మూసేయండి, వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టనివ్వకండి. దేశంలో తయారైన తొలి హెపటైటిస్ బి టీకా 1997లో ఈ హైదరాబాద్ నుంచే వచ్చింది, మీ ఆయాలకూ వేయించండి. టీకా లేనివాళ్లకు ఆ వ్యాధి ఉన్న రోగి సూది గుచ్చుకుంటే సోకే ప్రమాదం 30 శాతం దాకా ఉంటుంది. ఎవరికైనా గుచ్చుకుంటే పిండకుండా సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే డాక్టరుకు చూపించండి. హెచ్ఐవీ నివారణ మందు వీలైతే 2 గంటల్లోపే మొదలుకావాలి, 72 గంటలు దాటకూడదు.